పదిహేనేళ్ల పిల్ల – మూడు గ్రహాలు

వీడియో ఆటలంటే మనలో చాలామందికి చిన్నచూపు. నాకూ ఉండేది. పోయినేడు హాస్టల్లో ఒక మిత్రుని గదిలో 'ఫాంటసీ స్టార్' ఆడాక అది కాస్త తగ్గింది.

టీవీకి తగిలించి ఆడే తన మాస్టర్ సిస్టమ్ పెట్టె కోసం జపాను కంపెనీ సెగా 1987 డిసెంబరులో ఈ ఆటను విడుదల చేసింది. ఒక పాత్రను మనదిగా చేసుకొని, పోరాడి బలం పెంచుకుంటూ కథ నడిపే రకం. అప్పట్లో ఇలాంటి వాటిలో కత్తి మగవాడిది, చెరలో ఉండేది రాకుమారి. ఇక్కడ కత్తి పట్టింది పదిహేనేళ్ల ఆలిస్. రాజు లాసిక్ భటులు ఆమె అన్న నీరోను చంపుతారు. ఓడిన్ అనే వీరుణ్ణి వెతకమని చెప్పి అతను కన్నుమూస్తాడు. ఆట అక్కడే మొదలు.

ఓడిన్ రాయైపోయి ఉంటాడు. బాగుచేసే మందు మ్యావ్ అనే మాట్లాడే పిల్లి దగ్గరుంది. ఆ పిల్లి ఇంకో గ్రహంలో ఒక వ్యాపారి దగ్గర! మన ఊళ్లలో పాతబట్టలిస్తే స్టీలు గిన్నె ఇస్తారు. అక్కడ కుండ ఇస్తే పిల్లినిస్తారు. పాల్మా, మొతావియా, డెజోరిస్ – ఈ మూడు గ్రహాల మీదా మంత్రాలున్నాయి, అంతరిక్ష నౌకలూ ఉన్నాయి.

నన్ను పట్టేసినవి మాత్రం గుహలు. అడుగేస్తే గోడలు నిజంగా మీదికొస్తాయి. ఆ పెట్టెకున్న పని జ్ఞాపకశక్తి 8 కిలోబైట్లు, ఆట మొత్తం 512. ఇప్పటి ఫోనులో ఒక్క ఫొటో అంతకంటే పెద్దది! కిటుకేమిటంటే, ముందే గీసి ఉంచిన బొమ్మలను యంత్రం చకచకా మారుస్తుంది. నోటుపుస్తకం మూలల్లో బొమ్మలు గీసి పేజీలు జారవిడిస్తే కదిలినట్టుండదూ, అదే. ఆ ప్రోగ్రాము రాసింది యూజీ నాకా. బొమ్మలు గీసినవారిలో ముఖ్యురాలు రియేకో కొదామా అనే మహిళ. ఆమె 2022లో మరణించారు.

దారి తప్పకుండా అడుగుకో గడి చొప్పున గ్రాఫు కాగితాల మీద పటాలు గీశాను. ఒకటి రికార్డులో ఉండిపోతే మా మాస్టారు "ఇదేం సర్క్యూటోయ్?" అన్నారు.

శివరాత్రికి ఇంటికెళ్లి చెల్లెలికి ఈ కథంతా చెప్పాను. దానికీ పదిహేనే. టెన్త్ అయ్యాక టౌనుకు పంపాలా, వద్దా అని ఇంట్లో తర్జనభర్జన నడుస్తోంది. అంతా విని,

"అన్న చచ్చిపోతేగాని ఆ పిల్లని గడప దాటనివ్వలేదా?" అంది.

నాకు జవాబు తోచలేదు. మిరప కల్లం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాన్న, చెంబు పట్టుకునే దాని వైపు తిరిగి చూశాడు.