గురకపై ఇంట్లోనే పరీక్ష: ఒక్క రాత్రి రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు?

‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువారికీ దగ్గరైన సంగీత దర్శకుడు బప్పి లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించారు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులు చెప్పిన కారణాల్లో ‘అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా’ ఒకటి. చాలామంది ఈ పేరు వినడం అదే మొదటిసారి. జబ్బు మాత్రం అరుదైనది కాదు. అప్పటివరకు దేశంలో జరిగిన అధ్యయనాలను దిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు క్రోడీకరించి, సుమారు 10.4 కోట్ల మంది భారతీయులకు ఈ సమస్య ఉండొచ్చని 2023లో అంచనా వేశారు. వారిలో 4.7 కోట్ల మందికి అది మధ్యస్థ లేదా తీవ్ర స్థాయిలో ఉంటుందని లెక్కగట్టారు.

నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకంటే ఎక్కువసేపో గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గురక మళ్లీ మొదలవుతుంది. తీవ్రంగా ఉన్నవారిలో ఇది గంటకు 30 సార్లకు పైనే జరుగుతుంది. పొద్దున లేచాక మనిషికి ఇవేవీ గుర్తుండవు. గుర్తుండేది పక్కన పడుకున్నవారికే. మనవాళ్లు ‘గురకపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే హాయిగా పడుకున్నాడనే అర్థం. జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఆ నమ్మకమూ ఒక కారణమే. ఈలోపు బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పే ముప్పు ఎక్కువవుతుంది. రాత్రి బస్సు నడిపే డ్రైవర్ అయితే, స్టీరింగ్ ముందు ఆయన వేసే కునుకు ఆయన ఒక్కడి సమస్య కాదు.

నిర్ధారణకు ప్రామాణిక పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ. రాత్రంతా స్లీప్ ల్యాబ్‌లో పడుకోవాలి. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు వైర్లు అతికిస్తారు. టెక్నీషియన్ తెల్లవార్లూ గమనిస్తుంటారు. ఇలాంటి ల్యాబ్‌లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి.

అందుకే ఇంటికి పట్టుకెళ్లే పరికరాలు వచ్చాయి. ముక్కు దగ్గర సన్నని గొట్టం గాలి రాకపోకలను కొలుస్తుంది. ఛాతీకి కట్టిన బెల్టు ఊపిరి కోసం శరీరం పడే ప్రయాసను, వేలి క్లిప్పు ఆక్సిజన్‌ను, నాడిని నమోదు చేస్తాయి. రోగి తన మంచం మీదే, తన దిండు మీదే పడుకుంటారు.

అయితే చాలా పరికరాలు నేరుగా నమోదు చేయనిది ఒకటుంది. అది అసలు నిద్ర. మెదడు తరంగాలను చదివే వైర్లు వాటికి ఉండవు. దీని ప్రభావం చిన్నదేమీ కాదు. ఉదాహరణకు, ఒకరు రాత్రి 10కి పరికరం పెట్టుకుని ఉదయం 6కి తీశారనుకుందాం. కొత్త వస్తువులు ఒంటిమీద ఉండటంతో నిద్రపోయింది 5 గంటలే. ఊపిరి ఆగడం లేదా బాగా తగ్గడం 90 సార్లు జరిగింది. పరికరం 90ని 8 గంటలతో భాగించి గంటకు సుమారు 11 అంటుంది. గంటకు 5 నుంచి 15 అంటే స్వల్ప సమస్యే. కానీ నిద్రపోయిన 5 గంటలతో భాగిస్తే 18 వస్తుంది, అది మధ్యస్థ స్థాయి. అదే మనిషి, అదే రాత్రి. రిపోర్టు మాత్రం వేరు. పైగా ఆక్సిజన్ పెద్దగా పడిపోకుండా మెదడును మాత్రమే లేపే అవరోధాలు ఈ లెక్కలోకే రావు.

ముక్కు గొట్టం జారినా, వేలి క్లిప్పు ఊడినా ఆ రాత్రి వృథా. ముదురు రంగు చర్మంపై వేలి ఆక్సిమీటర్లు ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. మన దేశంలో రిపోర్టు చదివే వైద్యులు గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది.

కాబట్టి ఈ పరీక్ష జబ్బు ఉందని చెబితే నమ్మడం తేలిక, లేదని చెబితేనే చిక్కు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాలు ఈ తేడాను పట్టించుకున్నాయి. పెద్ద గురక, పగటి మత్తు, అధిక బీపీ లాంటి లక్షణాలతో అనుమానం బలంగా ఉండి, ఇతర పెద్ద జబ్బులు లేని పెద్దలకే ఇంటి పరీక్ష సరిపోతుందన్నాయి. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, కండరాల బలహీనత, పక్షవాతం చరిత్ర, తీవ్ర నిద్రలేమి ఉన్నవారిని, ఓపియాయిడ్ మందులు వాడేవారిని ల్యాబ్‌కే పంపాలి. భారత నిపుణులు 2014లో రూపొందించిన ‘ఇనోసా’ మార్గదర్శకాల ధోరణీ దాదాపు ఇదే. సమస్య మహిళల్లో తరచూ గురకగా కాకుండా అలసటగా, నిద్రపట్టకపోవడంగా కనబడుతుంది. ‘బలమైన అనుమానం’ అనే గీత దగ్గరే వారు తప్పిపోయే ప్రమాదం ఉంది.

ఇక స్మార్ట్ వాచీలు. శాంసంగ్, ఆపిల్ వాచీల స్లీప్ అప్నియా ఫీచర్లకు ఎఫ్‌డీఏ 2024లో అనుమతినిచ్చింది. అవి పరీక్ష చేయించుకొమ్మని హెచ్చరిస్తాయి, అంతే. నిర్ధారణ వాటి పని కాదు.

ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, భర్త ఊపిరి ఆగడం భార్య రోజూ చూస్తూనే ఉంటే ఆ రిపోర్టును బీరువాలో పెట్టేయకూడదు. మార్గదర్శకాల ప్రకారం తర్వాతి మెట్టు మరో ఇంటి పరీక్ష కాదు, ల్యాబ్‌లో పాలీసోమ్నోగ్రఫీ.