కంతి కోటలోకి దారేది?

మీ అరచేతిని బొడ్డుకు కాస్త పైన, పొట్టమీద అడ్డంగా ఆనించండి. ఆ లోపల, జీర్ణకోశం వెనకాల, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున్న క్లోమం దాగి ఉంది. అన్నం అరగటానికి రసాలు ఊరించేదీ, రక్తంలోని చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్‌ను తయారుచేసేదీ ఇదే. ఇంత లోతున ఉండటం వల్ల దీనికి కాన్సర్ వస్తే తొందరగా బయటపడదు. 2025 నాటి అమెరికా లెక్కల ప్రకారం, వ్యాధి బయటపడిన అయిదేళ్ళకు బ్రతికి ఉండే రోగులు నూటికి 13 మందే.

"మన రక్తంలో తెల్లకణాలు కాపలా కాస్తాయని చదువుకున్నామే, అవేం చేస్తున్నాయి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. వాటిలో టి-కణాలనేవి చెడిన కణాలను పట్టి చంపుతాయి. కాని క్లోమంలోని కంతి తన చుట్టూ నారలాంటి గట్టి కణజాలాన్ని పేర్చుకుంటుంది. చాలా కంతుల్లో కాన్సర్ కణాలకన్నా ఈ నారే ఎక్కువ! అందులోకి చొరబడగలిగే టి-కణాలు బహు కొద్ది.

ఇంకో మోసమూ ఉంది. సైకిలుకు ఉన్నట్టే టి-కణాలకూ బ్రేకులుంటాయి. లేకపోతే అవి మన సొంత అవయవాలమీదనే పడతాయి. కాన్సర్ కణాలు ఆ బ్రేకులను నొక్కి పట్టుకుంటాయి. వాటిని విడిపించే మార్గం చూపినందుకు అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్‌కూ, జపాన్ శాస్త్రజ్ఞుడు తసుకు హొంజోకూ 2018లో నోబెల్ బహుమతి లభించింది. ఆ మార్గంలో వచ్చిన మందులు మెలనోమా అనే చర్మ కాన్సర్‌లో ఎందరినో కాపాడాయి. క్లోమం దగ్గర మాత్రం, ఏ కొద్దిమందికో తప్ప, పనిచేయలేదు. సైకిలే అక్కడ లేనప్పుడు బ్రేకు వదిలి ఏం లాభం?

మరి టి-కణాలను అక్కడికి పిలవటమెలా? ఎక్స్-కిరణాలను కంతిమీద గురిపెడితే కణాల్లోని డి.ఎన్.ఎ. తెగిపోతుంది. చచ్చే కణం పగిలి తన ప్రోటీనులను వెదజల్లుతుంది. కొన్ని కావలి కణాలు వాటిని ఏరుకుని, లింఫ్ గ్రంథులకు మోసుకుపోయి, "దొంగ ఆనవాళ్ళు ఇవిగో" అన్నట్టు టి-కణాలకు చూపిస్తాయి. కిరణాలు పడని చోట కూడా వాటి ప్రభావం కనబడటాన్ని ఆర్. హెచ్. మోల్ 1953లోనే "ఆబ్‌స్కోపల్" అన్నాడు. అది చాలా అరుదు. బ్రేకు విప్పే మందు తోడైతే?

డెన్మార్క్ వైద్యులు 84 మంది క్లోమ కాన్సర్ రోగులమీద ఈ సంగతి పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. అందరికీ కిరణాలు, నివోలుమాబ్ అనే మందు ఇచ్చారు. రెండో జట్టుకు ఇపిలిముమాబ్ అనే మరో మందు కూడా కలిపారు. మొదటి జట్టులో 41 మందికి గాను ఒక్కరికే కంతి బాగా తగ్గింది. రెండో జట్టులో 43 మందికి గాను ఆరుగురికి తగ్గింది. ఆ మేలు చాలామందికి కొద్ది నెలలే నిలిచింది.

ఇక్కడొక చిక్కు గమనించారా? కిరణాలు రెండు జట్లకూ ఇచ్చారు. రెండు కుండీలకూ ఎరువు వేస్తే ఎరువు గొప్పతనం ఎలా తెలుస్తుంది? కిరణాలు ఇవ్వని జట్టు పక్కన ఉంటేనే గదా పోల్చి చూడగలం! పైగా కిరణాలు టి-కణాలను కూడా చంపుతాయి. అందుకే ఎంత మోతాదు, ఎన్ని దఫాలు, మందుకు ముందా తరువాతా అన్నవి కూడా ఒక్కొక్కటిగా పరీక్షించవలసినవే.