దరఖాస్తులో మన భాషలు

హోసూరు, బళ్ళారి, బరంపురం, సిరోంచ వంటి చోట్ల పుట్టి పెరిగిన మన విద్యార్థుల రెజ్యూమేలలో తరచుగా ఒక వరుస కనిపిస్తుంది: "తెలిసిన భాషలు: ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు." ఊరినిబట్టి తమిళం స్థానంలో కన్నడమో, ఒడియానో, మరాఠీనో ఉంటుంది. ఉద్యోగమిచ్చేవారికి దీనివల్ల తెలిసేది బహు తక్కువ. కొందరైతే సర్టిఫికెట్టు లేదని తెలుగును అసలు వ్రాయరు. మరికొందరు అన్నీ వచ్చునని వ్రాసి, ఇంటర్వ్యూలో తెలుగు కాగితం చేతికిస్తే తడబడతారు. ఈ రెండూ నష్టమే.

రెజ్యూమే ఒకటి రెండు పుటలు మించనక్కరలేదు. పేరు, చిరునామా, చదువు, అనుభవం, నైపుణ్యాలు వరుసగా ఉండాలి. చదువులో చివరిది ముందు వ్రాయాలి. పేరు విషయంలో మనవారికి చిక్కు ఎక్కువ. తమిళనాడులో తండ్రి పేరు పొడి అక్షరమవుతుంది. మహారాష్ట్రలో తండ్రి పేరు నడుమ చేరి ఇంటిపేరు చివరకు పోతుంది. మన అలవాటులో ఇంటిపేరు ముందుంటుంది. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఎలా ఉంటే అంతటా అలాగే వ్రాయడం క్షేమం.

ఇక భాషలు. మాట్లాడడం, చదవడం, వ్రాయడం మూడు వేరు వేరు పనులు. తమిళనాడులో 2006 నాటి చట్టం పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, బడిలో తెలుగు చదవకుండా పదవ తరగతి దాటినవారు మనలో ఉన్నారు. అటువంటివారు "తెలుగు: మాతృభాష; ధారాళంగా మాట్లాడగలను, నెమ్మదిగా చదవగలను, వ్రాయలేను" అని వ్రాయవచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ఈ వివరం ఎందుకు ముఖ్యమో స్టేట్ బ్యాంకు గుమాస్తా ఉద్యోగాల ప్రకటనలు చూస్తే తెలుస్తుంది. అభ్యర్థి ఎంచుకున్న రాష్ట్రపు భాషను చదవడం, వ్రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం రావాలంటారు. పదవ తరగతిలోగాని పన్నెండవ తరగతిలోగాని ఆ భాష చదివినట్లు మార్కుల పత్రం చూపితే భాషా పరీక్ష ఉండదు, లేనివారికి ఉంటుంది. కనుక ఏ భాషను ఏ తరగతి వరకు చదివారో రెజ్యూమేలో పేర్కొనాలి. హోసూరు బడిలో నేర్చిన తమిళం కూడా అక్కడ మనకు ఆస్తే.

కవరింగ్ లెటరు ఒక పుటలో ముగియాలి. ఏ ఉద్యోగానికి, ఏ ప్రకటన చూసి వ్రాస్తున్నారో మొదటి పేరాలో చెప్పాలి. ఆ పనికి మీలో ఏమున్నదో రెండవదానిలో, ఎప్పుడు చేరగలరో మూడవదానిలో చెప్పాలి. రెండవ పేరాయే ప్రాణం. బళ్ళారిలో విత్తనాల అమ్మకం ఉద్యోగానికైతే "నాకు తెలుగు, కన్నడం వచ్చు" అని ఊరుకోరాదు. "రెండు వేసవి సెలవులు మా మామయ్యగారి విత్తనాల దుకాణంలో పనిచేశాను. రైతులతో రెండు భాషల్లోనూ మాట్లాడి, బిల్లులు కన్నడంలో వ్రాశాను" అంటే చదివేవారికి మనిషి కనబడతాడు. చేయని పని మాత్రం వ్రాయరాదు. రెండు ప్రశ్నలకే బయటపడుతుంది.

"వ్రాయలేను" అన్న మాట ఈ ఏటి రెజ్యూమేలో ఉండవచ్చు. రోజుకొక పుట చూచివ్రాత వ్రాస్తూ పోతే, వచ్చే ఏటి రెజ్యూమేలో దాన్ని కొట్టివేయవచ్చు.