చూపు తిప్పుకోనివ్వని చిత్రం

అది 1972 జూన్ 8వ తేదీ. దక్షిణ వియత్నాంలో సైగాన్ నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ట్రాంగ్ బాంగ్ అనే ఊరు. మూడు రోజులుగా ఊరి చుట్టూ పోరు సాగుతోంది. జనం పిల్లాపాపలతో అక్కడి కావోదాయి మతస్థుల ఆలయంలో తలదాచుకున్నారు. అక్కడ కూడా ఇక క్షేమం లేదని తెలిసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని బయటికి పరుగు తీశారు. అంతలోనే ఒక విమానం కిందికి దూసుకొచ్చి నాపామ్ బాంబులు వదిలింది. నాపామ్ అంటే జిగురులా చిక్కబరచిన పెట్రోలు. ఒంటికి అంటుకుంటే వదలదు. తుడిచేకొద్దీ మరింతగా పాకుతూ చర్మాన్నీ, కండనూ కాల్చేస్తుంది.

నల్లటి పొగలోంచి కొందరు పిల్లలు ఏడుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. వారి మధ్యలో తొమ్మిదేళ్ల పాప. ఒంటి మీది బట్టలు కాలిపోయాయి. రెండు చేతులూ దూరంగా చాచి, కాలుతోంది, కాలుతోంది అని కేకలు వేస్తూ వస్తోంది. వెనక సైనికులు తాపీగా నడిచి వస్తున్నారు. ఆ క్షణాన ఒక కెమెరా క్లిక్‌మంది. ఆ పాప పేరు ఫాన్ థి కిమ్ ఫుక్. ఆ ఫొటో వియత్నాం యుద్ధానికి ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖమైంది.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ బాంబులు వేసింది అమెరికా విమానమని చాలామంది అనుకుంటారు, అలాగే ప్రసంగిస్తారు కూడా. ఆ విమానం దక్షిణ వియత్నాం వైమానిక దళానిది. తమ వారినే శత్రువులనుకొని పొరపాటున వారి మీదే బాంబులు వేశారు. ఆ యుద్ధంలో అమెరికా పాత్ర దీనివల్ల తగ్గిపోదు. అయితే ఒక ఫొటో మన మనసును ఎంత బలంగా పట్టుకుంటుందో, అందులో లేని సంగతులను కూడా అంతే బలంగా మనచేత నమ్మిస్తుంది. ఫొటోను చూసి కదిలిపోవడం ఎంత అవసరమో, దాని వెనకున్న నిజాన్ని తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

ఆ రోజు ఆ రోడ్డు మీద మూవీ కెమెరాలు కూడా ఉన్నాయి. పిల్లలు పరుగెత్తుకొచ్చిన దృశ్యాన్ని టీవీ వారు చిత్రీకరించారు. కానీ ఈ రోజు లోకం గుర్తుపెట్టుకున్నది కదలని ఆ ఒక్క ఫొటోనే! కదిలే బొమ్మ కదిలి వెళ్లిపోతుంది. కదలని బొమ్మ మన ఎదుటే నిలబడుతుంది. మనమే దాని ముందునుంచి కదలి వెళ్లాలి. వెళ్లే ముందు అది మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. యుద్ధకాలపు గొప్ప ఛాయాచిత్రాల శక్తి అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ ఫొటోను పంపించాలా వద్దా అని అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ సైగాన్ కార్యాలయంలో తర్జనభర్జన జరిగింది. నగ్నంగా ఉన్న బాలిక చిత్రాన్ని పత్రికల్లో వేయకూడదన్నది అప్పటి నియమం. అక్కడి ఫొటో ఎడిటర్ హోర్స్ట్ ఫాస్ ఆ అభ్యంతరాన్ని పక్కనబెట్టి దాన్ని పంపించాడు. మర్నాటికల్లా అది అనేక దేశాల పత్రికల్లో వచ్చింది. 1973లో దానికి పులిట్జర్ బహుమతి లభించింది. నాటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఈ ఫొటో కల్పితమేమోనని తన సహాయకునితో సందేహం వెలిబుచ్చిన సంభాషణ టేపుల్లో దొరికింది. 2016లో ఫేస్‌బుక్ సంస్థ నగ్నత్వం పేరుతో ఇదే ఫొటోను తొలగించగా నార్వే దేశంలో పెద్ద నిరసన రేగింది. చివరికి సంస్థ తన నిర్ణయాన్ని మార్చుకోవలసి వచ్చింది. తీసిన 44 ఏళ్లకు కూడా ఆ చిత్రాన్ని చూడటం కష్టంగానే ఉంది, చూడకుండా ఉండటమూ కష్టంగానే ఉంది!

మనుషులు ముఖం తిప్పుకునేంతగా నలిగిపోయిన ఒక బాధామయ సేవకుణ్ణి యెషయా ప్రవక్త 53వ అధ్యాయంలో వర్ణిస్తాడు. బాధను చూడగానే ముఖం తిప్పుకోవడం మానవ స్వభావం. ఆ ముఖాన్ని మళ్లీ ఇటు తిప్పేదే నిజమైన సాక్ష్యం. అపొస్తలుడైన పౌలు గలతీ సంఘానికి రాస్తూ, సిలువ వేయబడిన క్రీస్తును మీ కళ్ల ముందు చిత్రించి చూపించాం కదా అన్న అర్థంలో గుర్తుచేస్తాడు (గలతీ 3:1). అంటే సువార్త ప్రకటన కూడా ఒక విధంగా చిత్రం చూపించడమే. సుఖమైన చిత్రం కాదది, శిక్ష పడిన ఒక మనిషి చిత్రం.

హింసకుల చేతిలోని కెమెరా

మరో ఫొటోను గుర్తుచేసుకుందాం. 1943లో పోలెండ్ రాజధాని వార్సాలోని యూదుల వాడను నాజీలు నేలమట్టం చేశారు. ఆశ్రయాల్లో దాక్కున్న వారిని బయటికి ఈడ్చారు. ఆ గుంపులో టోపీ, కోటు వేసుకున్న ఒక చిన్న బాబు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. వెనక తుపాకీ పట్టుకున్న సైనికుడు. ఆ బాబు ఎవరో నేటికీ రూఢిగా తేలలేదు. ఈ ఫొటోను తీసింది యూదుల స్నేహితులు కాదు, హింసించిన నాజీలే! తాము ఎంత సమర్థంగా పని పూర్తిచేశామో పైవారికి చూపించుకోవడానికి స్ట్రూప్ అనే అధికారి అందంగా అట్ట వేయించిన నివేదికలో దీన్ని అతికించాడు. యుద్ధం ముగిశాక అదే నివేదిక న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో వారికి వ్యతిరేకంగా సాక్ష్యమైంది. గొప్ప చెప్పుకోవడానికి తీసుకున్న ఫొటోయే వారి నేరాన్ని లోకానికి చాటింది.

ప్రియులారా, సిలువ కథ కూడా ఇలాంటిదే కదా! రోమా ప్రభుత్వం సిలువను చాటుగా వేయలేదు. నలుగురూ నడిచే దారి పక్కన, అందరి కళ్లూ పడే చోట వేసింది. మమ్మల్ని ఎదిరిస్తే గతి ఇదేనని చూపించడమే దాని ఉద్దేశం. పిలాతు పైవిలాసాన్ని హెబ్రీ, రోమా, గ్రీకు భాషలు మూడింటిలో రాయించాడు (యోహాను 19:20). కానీ సామ్రాజ్యం ప్రదర్శించిన ఆ అవమానమే సామ్రాజ్యానికి తీర్పు అయింది, లోకానికి రక్షణ అయింది. వార్సా బాబు చిత్రాన్ని సిలువతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. క్రీస్తు బలి ఒక్కటే, దానికి సాటి లేదు. అయితే బలవంతులు తమ విజయమనుకొని ప్రదర్శించిన దాన్నే దేవుడు వారి మీద సాక్షిగా నిలబెట్టగలడని మాత్రం ఇక్కడ కనిపిస్తుంది. హేబెలు రక్తం నేలలోంచి మొరపెట్టిందని ఆదికాండము చెబుతోంది. కొన్నిసార్లు ఆ మొర ఒక ఫొటో రూపంలో కూడా వినబడుతుంది.

చిత్రం పగను కూడా రగిలిస్తుంది

ఇంతటి శక్తిలో ప్రమాదం లేకపోలేదు. 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో దక్షిణ వియత్నాం పోలీసు అధిపతి ఒకరు, చేతులు వెనక్కి కట్టి ఉన్న ఖైదీని పిస్తోలుతో కాల్చి చంపాడు. ఎడ్డీ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. ఆ ఫొటోకు 1969లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా ఆడమ్స్ జీవితాంతం దాని గురించి బాధపడ్డాడు. ఆ అధికారి ఖైదీని చంపితే, తన కెమెరాతో తాను ఆ అధికారిని చంపినట్లయిందని తర్వాతి కాలంలో వాపోయాడు. ఆ అధికారి చేసింది ఘోరమే. కానీ ఫొటో చూసిన లోకానికి అతను ఆ ఒక్క క్షణమే అయిపోయాడు. అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. అమెరికాకు వలసపోయి చిన్న రెస్టారెంట్ పెట్టుకున్నా ఆ ఫొటో అతన్ని వెంటాడుతూనే ఉంది.

న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం చదవడానికి మనం వెనుకాడతాం. ఒక లేవీయుడు, బెన్యామీనీయుల ఊరైన గిబియాలో దుర్మార్గుల చేతిలో చనిపోయిన తన ఉపపత్ని దేహాన్ని ముక్కలుచేసి ఇశ్రాయేలు గోత్రాలన్నిటికీ పంపించాడు. ఫొటోలు లేని కాలంలో అది ఒక భయంకర చిత్రం! చూసినవారంతా ఇలాంటిది ఎన్నడూ జరగలేదని నివ్వెరపోయారు. తర్వాత జరిగిందేమిటి? దేశమంతా కత్తి పట్టింది. బెన్యామీను గోత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పారిపోయి బతికిన మగవారు 600 మంది (20:47). ఆ స్త్రీకి జరిగిన అన్యాయం నిజం. ఆ చిత్రం పుట్టించిన కోపం కూడా న్యాయమైనదే. కానీ ఆ కోపం ఆగవలసిన చోట ఆగలేదు. ఈ రోజు ఎక్కడ యుద్ధం జరిగినా ఇరుపక్షాల వారూ తమ పిల్లల శవాల ఫొటోలు చూపించి ఎదుటివారి పిల్లల మీదికి బాంబులు పంపడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే చిత్రం మనల్ని కదిలించాక ఎటువైపు కదులుతున్నామన్నది ముఖ్యం.

ఫొటోలోంచి బయటికి వచ్చిన మనిషి

మళ్లీ కిమ్ ఫుక్ దగ్గరికి వద్దాం. అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ నిక్ ఉట్ ఆమెను తమ వ్యానులో ఆసుపత్రికి చేర్చాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. అదే సంస్థలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన అతని అన్న 1965లో ఆ యుద్ధంలోనే చనిపోయాడు. కిమ్ 14 నెలలు ఆసుపత్రిలో ఉంది. 17 శస్త్రచికిత్సలు జరిగాయి. బతుకుతుందని ఎవరూ అనుకోని పాప ఇంటికి తిరిగొచ్చింది.

కానీ ఫొటో ఆమెను వదలలేదు. పెద్దయ్యాక డాక్టరు కావాలని వైద్యవిద్యలో చేరితే, కొత్త ప్రభుత్వం ఆమెను యుద్ధ ప్రతీకగా విదేశీ విలేకరుల ముందు కూర్చోబెట్టడానికి చదువు మాన్పించింది. లోకానికి ఆమె ఒక చిహ్నం. తనకు మాత్రం ఒళ్లంతా నొప్పులతో, మనసంతా కసితో ఉన్న ఒక యువతి. ఆ ఫొటో అసలు లేకపోతే బాగుండునని ఆమె అనుకున్న రోజులున్నాయి. 1982లో సైగాన్‌లోని ఒక గ్రంథాలయంలో పుస్తకాల మధ్య కొత్త నిబంధన ఆమె చేతికి దొరికింది. చదివింది. ఆ ఏడాది క్రిస్మస్ సమయంలో యేసుక్రీస్తును తన రక్షకునిగా అంగీకరించింది. శత్రువుల కోసం ప్రార్థించాలన్న ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:44) తనకు అన్నిటికంటే కష్టమైందని ఆమె అనేకసార్లు సాక్ష్యమిచ్చింది. ఒక్కరోజులో కసి పోలేదు. ప్రార్థిస్తూ ఉండగా కొంచెం కొంచెంగా కరిగింది.

క్యూబాలో చదువుకుంటూ తన దేశస్థుణ్ణే పెళ్లాడింది. 1992లో విమానం కెనడాలో ఇంధనం కోసం ఆగినప్పుడు భార్యాభర్తలిద్దరూ దిగి ఆ దేశంలో ఆశ్రయం కోరారు. 1996 నవంబరు 11న వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం దగ్గర వేలాదిమంది మాజీ సైనికుల ముందు ఆమె నిలబడింది. ఆ విమానం నడిపిన పైలట్ ఎదురైతే, జరిగిన చరిత్రను మార్చలేం గానీ మేలైన రేపటి కోసం కలిసి పాటుపడదామని చెబుతానంది. కళ్లు చెమర్చని వారు అక్కడ తక్కువే. 1997లో యునెస్కో ఆమెను సౌహార్ద రాయబారిగా నియమించింది. యుద్ధంలో గాయపడిన పిల్లల కోసం ఆమె ఒక ఫౌండేషన్ స్థాపించింది.

2022 జులైలో వార్సా నగరం నుంచి ఒక విమానం యుక్రెయిన్ శరణార్థులు 236 మందితో కెనడాకు బయలుదేరింది. విమానం పక్క భాగం మీద 1972 నాటి ఆ ఫొటోనే పెద్దగా చిత్రించారు. లోపల శరణార్థుల మధ్య కిమ్ ఫుక్ కూర్చుంది. చేతులు పైకెత్తిన బాబును ఫొటో తీసిన ఊరు కూడా ఆ వార్సాయే. ఆకాశంలోంచి నిప్పు కురిపించిన విమానంతో మొదలైన కథ, యాభై ఏళ్ల తర్వాత ఆపదలో ఉన్నవారిని మోసుకెళ్లే విమానం దాకా వచ్చింది. దేవుని కృప కాకపోతే మరేమిటి?

ఇటీవల ఆ ఫొటో తీసిందెవరన్న వివాదం కూడా రేగింది. దాన్ని తీసింది నిక్ ఉట్ కాదని 2025లో ఒక డాక్యుమెంటరీ వాదించింది. అదే ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ అతని పేరును తాత్కాలికంగా పక్కనబెట్టింది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం అతని పేరునే కొనసాగించింది. ఉట్ ఆ ఆరోపణను ఖండించాడు. శ్రమించినవాడికి పేరు దక్కడం న్యాయం గనుక ఆ నిజం తేలవలసిందే. అయితే కెమెరా వెనక ఎవరున్నారన్న ప్రశ్న ఎలా తేలినా, కెమెరా ముందున్న పాప బాధలో మార్పేమీ ఉండదు.

పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులకు తన గాయాలు చూపించాడు (యోహాను 20:20). మహిమ శరీరంలో కూడా మేకుల గుర్తులు చెరిగిపోలేదు. ఆ గుర్తులు చూపించిన నోటితోనే ఆయన వారికి సమాధానం ప్రకటించాడు. కిమ్ ఫుక్ వీపు మీది మచ్చలు కూడా పోలేదు. కానీ ఆ మచ్చలు పగ తీర్చుకోమని ఎవరినీ పురికొల్పడం లేదు.

చివరిగా మంచి సమరయుని ఉపమానాన్ని (లూకా 10:31-33) మరోసారి నిదానంగా చదవండి. గాయపడి పడివున్న మనిషిని యాజకుడు చూశాడు. లేవీయుడూ చూశాడు. సమరయుడూ చూశాడు. ముగ్గురు చూసిందీ ఒకే దృశ్యం. ఇద్దరు పక్కనుంచి వెళ్లిపోయారు, ఒకడు జాలిపడి దగ్గరికి వెళ్లాడు. ఈ రోజు మన చేతిలోని ఫోనులో ఒక యుద్ధం ఫొటో, దాని కింద పెళ్లి ఫొటో, దాని కింద వంటకం ఫొటో! వేలితో పైకి తోసేస్తే చాలు, గాయపడినవాడు కనుమరుగైపోతాడు. యెరికో దారిలో పక్కకు తప్పుకొని వెళ్లడానికి యాజకునికి కాస్తయినా శ్రమ పట్టింది. మనకు అది కూడా అక్కర్లేదు.

కనుక ఈ వారం అలాంటి ఫొటో మీ ఎదుటికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం వేలు ఆపండి. ఆ ముఖంలో దేవుని స్వరూపముందని గుర్తుచేసుకోండి. అది నిజమా కాదా అని తెలుసుకున్నాకే మరొకరికి పంపండి. ఆ మనిషి కోసం ప్రార్థించండి, ఆ మనిషిని గాయపరచినవాడి కోసం కూడా ప్రార్థించండి. ఆ తర్వాత లేచి, మీ వీధిలో ఏ కెమెరా కంటికీ ఆనకుండా బాధపడుతున్న వారి ఇంటి తలుపు తట్టండి. వారి ఫొటో ఏ పత్రికలోనూ రాదు. కానీ వారిని చూస్తున్న దేవుడున్నాడు, వారి దగ్గరికి మనల్ని పంపుతున్నదీ ఆయనే!