సంగీతోపాధ్యాయుల శిక్షణము

సంగీతము వచ్చినవారెల్లరు సంగీతము నేర్పగలరని మనలో చిరకాలముగా నొక నమ్మకము కలదు. గురుకులవాసము సాగిన దినములలో దీనివలన పెద్ద నష్టము కలుగలేదు. శిష్యు డేండ్లతరబడి గురువుచెంతనే యుండి వినెను. తప్పిన తక్షణమే దిద్దుబాటు లభించెను. పాఠశాలలో నలుబదిమంది పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొని ముప్పాతిక గంటలో జంటవరుసలు చెప్పవలసినవారి కట్టి సదుపాయము లేదు. వారికి వేరు శిక్షణము కావలెను.

ఈ యావశ్యకతను మన పెద్దలు గుర్తింపకపోలేదు. విజయనగరమున 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు హరికథాపితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు కాగా, ఫిడేలు నేర్పుటకు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రవేశించిరి. 1936లో వారే యధ్యక్షులైరి. గాత్రమును, వాద్యమును ఒక కప్పు క్రింద నుండుట విద్యార్థుల భాగ్యము. మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు మరొక యడుగు ముందుకు వైచి, 1931లో ఉపాధ్యాయులకొరకే యొక కళాశాలను తెరచిరి. మరుసటి యేట మద్రాసు విశ్వవిద్యాలయమున సంగీతపు డిప్లొమా ఏర్పడెను. ఈ రెంటి తొలినాళ్లతోను టైగర్ వరదాచార్యులవారి పేరు ముడివడియున్నది. ఆచార్య సాంబమూర్తిగారు సంగీతబోధనమునుగూర్చియే ప్రత్యేకముగా గ్రంథము వ్రాసిరి. దారి వేసినవారు వేసిరి, నడువవలసినవారు మనము.

గాత్రము నేర్చినవారికి వాద్యమేల యని కొంద రడుగుదురు. పిల్లల కంఠము పెద్దవారి కంఠమువంటిది కాదు. పురుషోపాధ్యాయుడు తన కనువగు ఒకటి శ్రుతిలో పాడినచో చిన్నబాలికలు మంద్రమునకు దిగలేక గొణుగుదురు. వారి శ్రుతికి తా నెక్కినచో తన గొంతు చీలును. చేత ఫిడేలున్నవాడు వారి శ్రుతిలోనే స్వరమును వినిపింపగలడు. అన్యదేశమునుండి వచ్చిన ఆ వాద్యమును బాలుస్వామి దీక్షితులవారు మన సంగీతమునకు అలవరచిన నాటినుండి అది మన యింటి బిడ్డయే. హార్మోనియము సుళువే కాని, దాని మెట్లు గమకమునకు వంగవు; 1940లో ఆకాశవాణి దానిని నిషేధించుటకు నిదియు నొక కారణము. ఆ నిషేధము 1971నుండి సడలినది. వాద్యముయొక్క లోపము మాత్రము సడలలేదు. ఇక తంబుర. పంచమము, రెండు సారణులు, మంద్రషడ్జము: ఈ నాలుగు తంత్రులను కలుపుటయే చెవికి తొలి పాఠము. నేడు మీట నొక్కిన మ్రోగు శ్రుతిపెట్టెలు వచ్చినవి. వానిని మేము తెగడము, ప్రయాణములో నవి మేలే. కాని తంబుర కలుపుట రాని సంగీతోపాధ్యాయుని మేము ఊహింపజాలము.

వైణికునకు గాత్ర మంతకన్న నెక్కువ యవసరము. కీర్తనను వీణపై వాయించుచున్నప్పుడు మీటు సాహిత్యాక్షరము ననుసరించి పడవలెను. నోట పాడనివాడు ఎక్కడ మీటవలెనో యెరుగక, ఒక పదమును నడుమ విరిచి రెంటినొకటిగ గలుపును. 1904లో ఎట్టయపురమున అచ్చుపడిన సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకములకు గుర్తులేర్పరచి స్వరముతో సాహిత్యమును జతపరచియుండుట ఊరకయా? తమిళదేశమధ్యమున ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో వెలువడెనని మన బిడ్డలలో నెందరెరుగుదురు?

ఈ ప్రశ్న మధుర, కోయంబత్తూరు, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములకు ముఖ్యమైనది. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తమిళాక్షరములే నేర్చిన పిల్లలు త్యాగరాజస్వామివారి కృతులను తమిళ లిపిలో చదివి నేర్చుకొనుచున్నారు. తమిళమున కకారగకారములకు అక్షర మొక్కటే. కావున అక్షరము ప్రక్కన రెండు, మూడు, నాలుగు అంకెలు వేసి ముద్రింతురు. అంకె జారినచో ‘పాట’ ‘బాట’ యగును. ఉపాధ్యాయునకు తెలుగు రానిచో దిద్దువా రెవరు? తన తల్లి మాటను తానే పరభాషవలె పలుకు బిడ్డను చూచి నవ్వుటయా, ఏడ్చుటయా? 1941లో రాజా అణ్ణామలై చెట్టియారువారి యాదరముతో సాగిన తమిళ సంగీతోద్యమమువారు తమ భాషలోని పాటలకు సభలలో స్థానము కోరిరి. అది న్యాయమైన కోరిక. వారు తమ పదముల యర్థము తెలిసి పాడవలెననిరి. మన పదముల యర్థమును తెలిసి పాడవలెనని మనము కోరుట వారికి విరోధము కాదు.

కావున ఉపాధ్యాయ పరీక్షకు వచ్చు గాయకు డొక వాద్యముపై కనీసము వర్ణము వరకు వాయింపవలెననియు, వాద్యకారుడు కీర్తనను నోట పాడవలెననియు, ఇరువురును తెలుగు లిపిని చదువవలెననియు నియమ ముండవలెనని మా యభిప్రాయము. పరీక్షకుల యెదుట పాడుట చాలదు. పది మంది పిల్లలను తెచ్చి, వారికి మాయామాళవగౌళలో నొక అలంకారమును చెప్పించి చూడవలెను. తెలుగు బోధనమునకు ప్రభుత్వముల కొరకు కనిపెట్టుకొని యుండనక్కరలేదు. ఆ నగరములలోని మన సంఘములవారు సమీపమందలి సంగీత కళాశాలకు వారమునకు రెండు గంటలు వచ్చి చెప్పగల తెలుగు పండితు నొకని నియమించి, ఆయన వేతనమును తాము భరింతుమని వ్రాసినచో, వలదను కళాశాల యుండునని మేము తలపము. ఉగాది వేడుకలకు పందిళ్లు వేయు వ్యయములో కొంత మిగిలిన నిది జరుగును.