ఉమ్మనీరు చెప్పే కబురు

తాడేపల్లి చుట్టుపక్కల చేలల్లో పత్తికాయలు పగిలే రోజుల్లో వాన కురిస్తే ఏమవుతుంది? విచ్చుకున్న పత్తి తడిసి ముద్దగా అంటుకుపోతుంది. ఆ ముద్దను నీళ్లగిన్నెలో ముంచి వేళ్లతో సడలించండి. పోగులు విడివడతాయి. పైకి తీస్తే మళ్లీ అతుక్కుంటాయి. దీనికి కారణం నీటి తలతన్యత. గాలి తగిలే చోట నీటి ఉపరితలం కుంచించుకుపోవాలని చూస్తుంది.

పుట్టే ప్రతి బిడ్డకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. తల్లి గర్భంలో బిడ్డ ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల నిండా ద్రవమే కనుక అప్పుడు ఇబ్బంది లేదు. పుట్టి గాలి పీల్చగానే, లోపల తడిగా ఉన్న వాయుకోశాలు ముడుచుకుపోబోతాయి. వాటిని తెరచి ఉంచేది సర్ఫాక్టెంట్ అనే పదార్థం. ఇందులో ముఖ్యమైనది లెసిథిన్ అనే కొవ్వు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో సర్ఫాక్టెంట్ చాలకనే ఊపిరి అందడం లేదని 1959లో అమెరికా శాస్త్రజ్ఞులు మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ చూపారు.

తల్లికి రక్తపోటు పెరిగి, బిడ్డను ముందుగానే బయటికి తీయవలసి వచ్చిందనుకోండి. తొందరపడితే బిడ్డకు ప్రమాదం, ఆగితే తల్లికి ప్రమాదం. ఊపిరితిత్తులు సిద్ధమయ్యాయో లేదో తెలిసేదెలా?

ఊపిరితిత్తుల్లోని ద్రవం కొంత బిడ్డ నోటిగుండా వచ్చి ఉమ్మనీటిలో కలుస్తుంది. ఆ నీటిని సూదితో కొద్దిగా తీసి పరీక్షించవచ్చు. లెసిథిన్, స్ఫింగోమైలిన్‌కు రెట్టింపు ఉంటే ఊపిరితిత్తులు పక్వమైనట్లేనని 1971లో లూయిస్ గ్లక్ బృందం తెలిపింది.

లెసిథిన్ తయారీకి తోడ్పడే ఎంజైములలో ఒకటి ఫాస్ఫాటిడిక్ ఆసిడ్ ఫాస్ఫోహైడ్రొలేజ్. పేరు పెద్దదే గాని పని చిన్నది: ఒక అణువు నుంచి ఫాస్ఫేటును విడదీస్తుంది. నెలలు నిండే కొద్దీ ఉమ్మనీటిలో దీని చురుకు పెరుగుతుందని 1970ల పరిశోధనల్లో తేలింది. విడివడిన ఫాస్ఫేటును కొలిస్తే ఎంజైము చురుకు తెలుస్తుంది. ఫాస్ఫేటును నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే!

నేడు ఈ పరీక్షల అవసరం బాగా తగ్గింది. స్కానింగు ద్వారా గర్భం వయసు తెలుస్తోంది. కాన్పు ముందే వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ మందు ఇస్తారు. అది బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తుందని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లో చూపారు. పుట్టాక సర్ఫాక్టెంట్‌నే మందుగా ఇచ్చే వీలూ ఉంది.

ఈసారి పసిబిడ్డ తొలి ఏడుపు విన్నప్పుడు, లోపల లక్షలాది వాయుకోశాలను తెరచి పట్టుకున్న ఆ పలుచని పొరను గుర్తుచేసుకోండి.