జనావాసాలలోకి వచ్చే ఎలుగుబంట్లు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో అడవులకు, రాతిగుట్టలకు ఆనుకొని ఉన్న గ్రామాలలోకి ఎలుగుబంట్లు ఆహారం కోసం, నీటి కోసం వస్తుంటాయి. ఈ ప్రాంతంలో సహజంగా నివసించే ఎలుగుబంటి జాతి ఒక్కటే. దీని శాస్త్రీయ నామము మెలర్సస్ అర్సినస్. ఇది మనిషిని వేటాడి తినే జంతువు కాదు. అయినప్పటికీ భారతదేశంలో మనుషులను తరచుగా గాయపరిచే అడవి జంతువులలో ఇది ఒకటి. మనిషి, ఎలుగు ఒకరినొకరు గమనించకుండా అతి దగ్గరగా ఎదురుపడడమే ఇందుకు ముఖ్య కారణం. కనుక ఎలుగుబంటి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు చాలావరకు దానిని ఎదిరించడానికి కాక, అకస్మాత్తుగా దానికి ఎదురుపడకుండా ఉండడానికి సంబంధించినవి.

పేర్లు

తెలుగులో ఈ జంతువును ఎలుగు, ఎలుగుబంటి, గుడ్డేలుగు, ఎలుగుగొడ్డు అని ప్రాంతాన్ని బట్టి పిలుస్తారు. సంస్కృతంలో భల్లూకము, ఋక్షము అనే పేర్లు ఉన్నాయి. రామాయణంలోని జాంబవంతుడు భల్లూక వీరుడు. ఆంగ్లంలో దీనికి స్లాత్ బేర్ అని పేరు. 1791లో జార్జ్ షా అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త దీని పొడవైన గోళ్ళను చూసి, దక్షిణ అమెరికా చెట్లపై వేలాడే స్లాత్ అనే జంతువుకు ఇది బంధువని పొరపడ్డాడు. తరువాత ఆ పొరపాటును సరిదిద్దినా పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ మాటకు సోమరితనం అనే అర్థం కూడా ఉండడం వలన ఇది మందకొడి జంతువని కొందరు భావిస్తారు. అది ప్రమాదకరమైన అపోహ. ఎలుగుబంటి మనిషి కంటే వేగంగా పరుగెత్తగలదు, చెట్లు ఎక్కగలదు.

శరీర నిర్మాణము, స్వభావము

ఒళ్ళంతా గరుకైన పొడవాటి నల్లని వెంట్రుకలు, రొమ్ము మీద తెల్లని లేదా పసుపు ఛాయ గల మచ్చ, పొడవైన మూతి దీని గుర్తులు. మగ ఎలుగు బరువు సాధారణంగా 80 నుండి 145 కిలోలు, ఆడ ఎలుగు బరువు 55 నుండి 105 కిలోలు ఉంటుంది. ముందు కాళ్ళ గోళ్ళు కొడవలి వలె వంగి ఉంటాయి. వీటితో గట్టి చెదపుట్టలను కూడా తవ్వగలదు. పై దవడ ముందుభాగంలో మధ్యనుండే రెండు పళ్ళు దీనికి ఉండవు. ముక్కు రంధ్రాలను మూసుకొని, పెదవులను గొట్టంలా చాచి, ఆ ఖాళీ గుండా చెదపురుగులను పీల్చివేస్తుంది. అలా పీల్చే చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న అడవిలో చాలా దూరం వరకు వినిపిస్తుంది.

చెదలు, చీమలు, తేనె, పండ్లు దీని ప్రధాన ఆహారం. ఘ్రాణశక్తి చాలా ఎక్కువ. చూపు, వినికిడి అంత చురుకైనవి కావు. పుట్టను తవ్వుకుంటూనో, రాలిన పండ్లను తింటూనో ఉన్న ఎలుగు, మనిషి కొద్ది అడుగుల దూరానికి వచ్చే వరకు గమనించకపోవచ్చు. గమనించిన క్షణంలో బెదిరి, పారిపోవడానికి బదులు మీదపడుతుంది. పులులు, చిరుతలు ఉన్న అడవులలో పెరిగిన జాతి కావడం చేత శత్రువు దగ్గరకు వచ్చినపుడు ఎదురుదాడి చేయడం దీనికి అలవడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. చిరుత చెట్టు ఎక్కగలదు కనుక దాని నుండి తప్పించుకోవడానికి చెట్టు ఎక్కడం కూడా ఎలుగుకు పెద్దగా ఉపయోగపడదు.

ఆడ ఎలుగు సాధారణంగా ఒకటి లేదా రెండు పిల్లలను కంటుంది. గుహలలోను, బండల సందులలోను ఈనుతుంది. పిల్లలు బయటకు వచ్చిన తరువాత కొన్ని నెలల పాటు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతాయి. పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు అన్నిటికంటె ప్రమాదకరమైనది. మంచు దేశాలలోని ఎలుగుల వలె ఇవి చలికాలమంతా నిద్రపోవు. అందువలన సంవత్సరంలో ఏ నెలలోనైనా ఎదురుపడవచ్చు.

గ్రామాలలోకి ఎందుకు వస్తాయి

ఎలుగుబంటి రాకపోకలు పండ్ల కాలాన్ని అనుసరించి ఉంటాయి. వేసవి ఆరంభంలో ఇప్పపువ్వు, తరువాత తునికి పండ్లు, జీడిమామిడి, పనస, నేరేడు, వానాకాలం తరువాత సీతాఫలం, చలికాలంలో రేగు పండ్లు దీనికి ఇష్టమైన ఆహారం. ఇవే మనుషులు కూడా ఏరుకొనేవి. ఇప్పపువ్వు రాత్రివేళ రాలుతుంది. దానిని ఏరడానికి గిరిజనులు తెల్లవారకముందే చెట్టు కిందికి చేరుతారు. ఎలుగు కూడా ఆ వేళకే అదే చెట్టు కిందికి వస్తుంది. వేసవిలో తునికాకు కోతకు పొదలలో వంగి పనిచేసేవారి పరిస్థితి కూడా ఇటువంటిదే. ఈ ప్రమాదాలకు గురయ్యేవారిలో అధికులు అడవి చూడడానికి వెళ్ళినవారు కారు, పొట్టకూటి కోసం వెళ్ళినవారు. "అడవికి వెళ్ళకండి" అనే సలహా వారికి పెద్దగా ఉపయోగపడదు.

వేసవిలో గుట్టలపై నీటి గుంటలు ఎండిపోవడం, క్వారీల కోసం గుట్టలను పగలగొట్టడం, పొదలు కొట్టి తోటలు వేయడం ఇతర కారణాలు. ఇళ్ళ దగ్గర పారవేసిన కుళ్ళిన పండ్లు, ఆహార వ్యర్థాలు కూడా వీటిని ఆకర్షిస్తాయి. ఊరి చివరి గుడులలో కొట్టిన కొబ్బరి చెక్కలు, ప్రసాదం, దీపపు నూనె కోసం రాత్రివేళ వచ్చే ఎలుగులు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బాగ్‌బహరా సమీపాన గల ఘుంచాపాలి చండీమాత ఆలయానికి ప్రసాదం కోసం వచ్చే ఎలుగులను చూడడానికి జనం గుమిగూడుతుంటారు. అది భక్తి విశేషంగా ప్రచారం పొందినా, మనిషి అంటే భయం పోయిన ఎలుగు పొరుగు ఊరికి ముప్పు అవుతుంది.

ఉద్దానం

శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరాన కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో విస్తరించిన తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ముఖ్యమైన తోటలు. పడమటి వైపున మహేంద్రగిరి కొండలు, తోటల మధ్య అక్కడక్కడ చిన్న గుట్టలు ఉన్నాయి. పగలు గుట్టలలో పడుకొని, సాయంత్రం తోటలలోకి దిగే ఎలుగులకు ఇంతకంటె అనుకూలమైన చోటు ఉండదు. అంటే ఇక్కడ ఎలుగు అడవి నుండి దారి తప్పి వచ్చిన అతిథి కాదు. తోటయే దాని అడవి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది.

2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి గ్రామ పరిసరాలలో ఒక ఎలుగుబంటి తోటలకు వెళ్ళినవారిపై దాడి చేసింది. ఒకరు మరణించారు, పలువురు తీవ్రంగా గాయపడ్డారు. అటవీ శాఖ, విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల సిబ్బంది దానికి మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు. పట్టుబడిన కొద్దిసేపటికే ఆ ఎలుగు కూడా మరణించింది. ఈ సంఘటన తరువాత జీడిపిక్కల సేకరణకు, తోట కాపలాకు ఒంటరిగా వెళ్ళడానికి ఆ ప్రాంతపు రైతులు భయపడ్డారు.

ఇతర ప్రాంతాలు

అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల బండరాళ్ళ గుట్టలు ఎలుగులకు ఆవాసాలు. వీటికి పొరుగున, కర్ణాటకలో హంపికి సమీపాన 1994లో ఏర్పడిన దరోజి అభయారణ్యం ప్రత్యేకించి ఎలుగుబంట్ల కోసమే ఉద్దేశించినది. నల్లమల అడవులలోను, శేషాచలం కొండలలోను కూడా ఇవి ఉన్నాయి. తిరుమల నడకదారులలో ఎలుగులు కనిపించిన సందర్భాలు కలవు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక బాలిక మరణించిన తరువాత తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను గుంపులుగా పంపడం, చేతికర్రలు ఇవ్వడం మొదలైన చర్యలు తీసుకున్నది. అదే నెలలో కరీంనగర్ శివారులోని రేకుర్తిలో ఇళ్ళ మధ్య తిరిగిన ఒక ఎలుగును అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు. సికింద్రాబాదు శివారులోని యాప్రాల్ వంటి చోట్ల ఉండేవారికి ఎలుగును చూడాలంటే బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలే దిక్కు. అయితే సొంత ఊళ్ళకు వెళ్ళినపుడు, తీర్థయాత్రలలో నగరవాసులకు కూడా ఈ సమాచారం అవసరం పడుతుంది.

ముందు జాగ్రత్తలు

ఎలుగు తిరిగే చోట నిశ్శబ్దంగా నడవకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ, కర్రతో నేలను తట్టుకుంటూ, చప్పుడు చేసుకుంటూ వెళ్ళాలి. దూరం నుండే మనిషి అలికిడి తెలిస్తే ఎలుగు చాలాసార్లు తానే తప్పుకుంటుంది. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ, రాత్రి ఇవి ఎక్కువగా తిరుగుతాయి కనుక తోట పనిని ఎండ వచ్చిన తరువాత మొదలుపెట్టడం మంచిది. చీకటిలో బహిర్భూమికి వెళ్ళేవారు ప్రమాదానికి గురయ్యే అవకాశం ఎక్కువ. ఇంటి మరుగుదొడ్డి, వీధి దీపం ఈ ప్రాంతాలలో ఎలుగు నుండి కూడా రక్షణే.

తాజాగా తవ్విన చెదపుట్టలు, చెట్టు మొదలుపై గోళ్ళ గాట్లు, పండ్ల గింజలతో నిండిన పేడ ఎలుగు ఆ పరిసరాలలో ఉన్నదని తెలిపే గుర్తులు. ఇటువంటి చోట పొదలలోకి, బండల సందులలోకి తొంగి చూడకూడదు. ముగ్గిన పనసకాయలను చెట్టుకు వదలక ముందే కోయడం, రాలిన జీడిపండ్లను ఇంటి దగ్గర కుప్పగా పోయకపోవడం, గుడిలో రాత్రికి కొబ్బరి చెక్కలు మిగల్చకపోవడం, వంటనూనె, బెల్లం ఉన్న గదులకు గట్టి తలుపులు పెట్టడం అవసరం. పెంపుడు కుక్కను వెంట తీసుకొని వెళ్ళడం వలన మేలు జరుగుతుందనే నమ్మకం ఉన్నది. కాని కుక్క ఎలుగును రెచ్చగొట్టి తిరిగి యజమాని దగ్గరకే పరుగెత్తి వస్తే, వెనుకనే ఎలుగు కూడా వస్తుంది.

ఎదురుపడినపుడు

ఎలుగు దూరంగా ఉండి మనిషిని గమనించకపోతే, వచ్చిన దారినే మెల్లగా వెనుకకు వెళ్ళాలి. గమనించినట్లయితే పరుగెత్తకూడదు, రాళ్ళు రువ్వకూడదు. ముఖం దానివైపే ఉంచి, నెమ్మదిగా వెనుకకు నడుస్తూ, అది పోవడానికి దారి వదలాలి. తల్లికీ, పిల్లలకూ మధ్యన ఎన్నడూ నిలబడకూడదు. చెట్టు ఎక్కడం వలన ప్రయోజనం లేదు. ఎలుగు వెనుక కాళ్ళపై నిలబడడం ఎల్లప్పుడూ దాడికి సూచన కాదు, వాసన పట్టడానికి, చూడడానికి కూడా అలా నిలబడుతుంది.

మీదపడితే అది ఎక్కువగా ముఖాన్ని, తలను గాయపరుస్తుంది. కన్ను, ముక్కు, దవడ పోగొట్టుకొని బ్రతికినవారు అనేకులు. కనుక పడగొట్టినపుడు బోర్లా పడుకొని, రెండు చేతుల వేళ్ళు పెనవేసి మెడ వెనుక భాగాన్ని కప్పుకొని, ముఖాన్ని నేలకు ఆనించి కదలకుండా ఉండాలి. ఎదుటి ప్రాణి వలన భయం లేదని తోచినపుడు ఎలుగు సాధారణంగా వదలి వెళ్ళిపోతుంది. అది వెళ్ళిందని నిశ్చయమయ్యే వరకు లేవకూడదు. ఎలుగును చూడగానే చచ్చినట్లు పడుకొన్న వాని కథ పిల్లలందరికీ తెలిసినదే. అయితే దూరంగా ఉన్న ఎలుగును చూసి ముందే పడుకోవడం పొరపాటు. ఇది దాడి తప్పనప్పుడు మాత్రమే పాటించవలసిన పద్ధతి.

ఊరిలోకి వచ్చినపుడు

ఇళ్ళ మధ్య చిక్కుకున్న ఎలుగు విషయంలో ఎక్కువ హాని చేసేది చుట్టూ మూగే జనమే. అరుపులు, రాళ్ళు, సెల్‌ఫోన్లతో చిత్రాలు తీసేవారి తోపులాట దానికి బయటకు పోయే దారి లేకుండా చేస్తాయి. అప్పుడది కనిపించిన వారిపై పడుతుంది. పిల్లలను ఇళ్ళలో ఉంచి తలుపులు వేసుకోవడం, కుక్కలను కట్టివేయడం, గుట్టవైపు దారిని ఖాళీగా ఉంచడం, అటవీ శాఖకు లేదా 112 నంబరుకు తెలియజేయడం గ్రామస్థులు చేయవలసిన పనులు. చాలా సందర్భాలలో చీకటి పడిన తరువాత ఎలుగు తనంత తానే వెళ్ళిపోతుంది. మత్తుమందు సూది తగిలిన వెంటనే జంతువు పడిపోదు, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో అది ఎటు పరుగెత్తుతుందో చెప్పలేము. కనుక ఆ సమయంలో దగ్గరకు పోవడం అత్యంత ప్రమాదకరం.

గాయపడినవారికి

రక్తస్రావాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి ఆపి, 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. చిన్న గాయాలనైనా సబ్బుతో, ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. అడవి జంతువు కాటు కనుక ధనుర్వాతం టీకాతో పాటు రేబీస్ నివారణ టీకాలు కూడా తప్పనిసరి. గాయాలపై పసుపు, సున్నం, ఆకు పసరు పూయడం వలన తరువాతి చికిత్స కష్టమవుతుంది.

చట్టము

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఎలుగుబంటి ఉన్నది. దీనిని చంపడం, పట్టడం, పిల్లలను తెచ్చి పెంచడం, గోళ్ళు, వెంట్రుకలు అమ్మడం నేరము. భయం పోతుందని పిల్లలకు ఎలుగు వెంట్రుకల తాయెత్తు కట్టే ఆచారం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. ఊరూరా ఎలుగును ఆడించి జీవించిన ఖలందర్ల వృత్తి ఈ చట్టం వలన, ప్రత్యామ్నాయ జీవనోపాధి కల్పించడం వలన 2009 నాటికి దాదాపుగా అంతరించింది. ప్రాణరక్షణ కోసం సద్భావనతో చంపవలసి వస్తే అది నేరం కాదని 11వ సెక్షను చెబుతున్నది. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన ఎలుగును పట్టడానికి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి మాత్రమే ఉన్నది. పట్టడం, మత్తు ఇవ్వడం, వేరొక చోటికి తరలించడం సాధ్యం కాదని నిర్ధారించిన తరువాతనే చంపడానికి ఉత్తర్వు ఇవ్వవలసి ఉంటుంది.

దాడిలో మరణించినవారి కుటుంబాలకు, గాయపడినవారికి రెండు రాష్ట్రాలలోను అటవీ శాఖ ద్వారా నష్టపరిహారం లభిస్తుంది. పరిహారపు మొత్తం ఆయా కాలాల ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతూ వచ్చింది. సంఘటన జరిగిన వెంటనే సమీప అటవీ రేంజి కార్యాలయానికి, పోలీసులకు తెలియజేసి, వైద్య ధ్రువపత్రాలను భద్రపరచుకోవడం అవసరం. ఆలస్యం జరిగితే గాయం ఎలుగు వలననే అయిందని నిరూపించడం బాధితులకు కష్టమవుతుంది.